నాలుగో తీగ

తొమ్మిది పేర్లు నాకు కంఠతా వచ్చు. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరినీ నేను చూడలేదు, ఇక చూడబోయేదీ లేదు, అందరూ పోయినవాళ్ళే. బండి మీద రాజాం నుంచి చీపురుపల్లి వైపు పోతున్నప్పుడో, ఏదో రైసు మిల్లు వరండాలో యజమాని కోసం కూర్చున్నప్పుడో, ఆ పేర్లు నోట్లో నోట్లోనే వరుసగా చదువుకుంటాను. నా భార్య మొదట్లో అదేదో మంత్రం అనుకుంది. పోనీలే, ఈ మనిషికీ వయసుకు తగ్గ భక్తి కుదిరింది అని సంతోషించింది కూడా. సంగతి చెప్పాక, వంటింట్లో మాత్రం చదవకండి అంది.

నాది తీగలు కలిపే పని. లారీలు తూచే కాటా, రక్తం పరీక్ష చేసే పెట్టె, పాత కంప్యూటరు, సూదులతో పొడిచి అచ్చువేసే పాత ప్రింటరు, ఇలాంటివాటి మధ్య నేను వైరు లాగుతాను. ఈ యంత్రాల వెనక తొమ్మిది పిన్నుల ప్లగ్గు ఒకటి ఉంటుంది, సీరియల్ పోర్టు అంటారు. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ళ గాలిలో పోయే సిగ్నళ్ళు పనిచెయ్యనప్పుడు నాకే ఫోను చేస్తారు.

నాకు పని నేర్పినాయన విజయనగరంలో మెట్ల కింద గదిలో కూర్చునేవాడు. ఆయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. "ఒరే, రెండు యంత్రాలు మాటాడుకోవాలంటే సెప్పే తీగా, ఇనే తీగా ఉంటే సాలదు. ఆగమని సెప్పే తీగ ఒకటుండాలి. ప్రింటరు నిదానంగా రాస్తాది, కంప్యూటరు గబగబా సెప్పుకుపోతాది. ఆగు అనడానికి తోవ లేకపోతే, సెప్పిందంతా నేలపాలు." ఎర్త్‌తో కలిపి కనీసం నాలుగు తీగలు లాగాలని ఆయన లెక్క.

ఆయనే అడ్డదారీ నేర్పాడు. నాలుగు తీగల వైరు దొరకనప్పుడు మూడింటితో పని జరిపించడానికి, కంప్యూటరు వైపు ప్లగ్గులో ఏడో పిన్నునీ ఎనిమిదో పిన్నునీ కలిపి టంకం వేసెయ్యాలి. ఏడో పిన్ను "పంపనా?" అని అడుగుతుంది. ఎనిమిదో పిన్ను మీద "పంపు" అని అవతలివాడు జవాబివ్వాలి. రెండూ కలిపేస్తే అడిగేదీ కంప్యూటరే, సరేననేదీ కంప్యూటరే. అవతల ప్రింటరు తయారుగా ఉందో, కాగితం అయిపోయి కూర్చుందో దానికి అక్కర్లేదు. "ఇది ఒక్క పూట పని. మల్లీ ఎల్లి సరిగ్గా కట్టీయాల," అనేవాడు. ఒక్క పూట పని అని కట్టినవి ఈ రెండు జిల్లాల్లో ఎన్ని వదిలేశానో నాకే తెలియదు. వెనక్కి వెళ్ళి సరిచేసినవి మాత్రం వేళ్ళ మీద చెప్పగలను.

అలాంటిదొకటి శ్రీకూర్మం పోయే దారిలో ఒక సత్రంలో కట్టాను. పెద్దవాళ్ళకి పిండాలు పెట్టుకోవడానికి వచ్చేవాళ్ళు దిగే చిన్న సత్రం అది. అక్కడొక పద్ధతి ఉంది. ఒకసారి పేరు రాయిస్తే చాలు, ఏటా మహాలయ అమావాస్యనాడు ఆ పేరు చదివి, నువ్వులూ నీళ్ళూ వదులుతారు. ఇంటివాళ్ళు వస్తే "ఉన్నాం" అని లేచి వాళ్ళే వదులుతారు. రాకపోతే పంతులుగారే ఆ పని చేస్తారు. అందుకే చాలామంది పేరు రాయించి, ఇక నిశ్చింతగా ఊరుకుంటారు.

ఆ పంతులుగారి పట్టింపులు ఆయనవి. పోయినవాళ్ళ పేర్లు ముందురోజే రాసి ఇంట్లో ఉంచకూడదు, ఆ రోజు ఆ వేళకే కాగితం మీదికి రావాలి అంటారు. పేర్లకు వరుస నెంబర్లు వెయ్యడానికీ ఒప్పుకోలేదు. బతికున్నన్నాళ్ళూ క్యూలో నెంబర్లతోనే నిలబడ్డారు, పోయాక కూడా నెంబర్లా అన్నారు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. నెంబర్లుంటే మధ్యలో తొమ్మిది ఎగిరిపోయిన సంగతి మొదటి ఏడే బయటపడేదని తర్వాత తెలిసింది.

కంప్యూటరు గేటు దగ్గర గుమస్తా గదిలో ఉంటుంది, ప్రింటరు మండపంలో పంతులుగారి పక్కన. మధ్యలో పెరడు దాటి వైరు పోవాలి. అంత దూరానికి సీరియల్ తీగే నయం. ఆ వారం రాజాంలో మూడు తీగల వైరే దొరికింది, నాకూ తొందరగా ఇంటికి పోవాలని ఉంది. టంకం వేసేశాను. పోయినవాళ్ళ పేర్లు ముందుగా అచ్చెయ్యకూడదు గనక, పది వరుసలు ఏదో రాసి పరీక్షించాను. పదీ చక్కగా పడ్డాయి. గుమస్తా టీ తెప్పించాడు.

మూడు మహాలయ అమావాస్యలు గడిచాయి. ఒకరోజు గుమస్తా ఫోను చేశాడు. నాకూ అతనికీ చుట్టరికం ఏమీ లేదు గాని నన్ను మావా అంటాడు.

"మావా, నీ కంపూటరు మనుషుల్ని మింగేస్తన్నాది. రాజాం ఏపు రైతొకాయన వచ్చి కూకున్నాడు. మొన్న మహాలయకి వాల్ల నాన్న పేరు సదవనేదంట. తెర మీద సూస్తే ఉన్నాది, కాయితం మీద లేదు. రోజూ కల్లోకొచ్చి అన్నం అడుగుతన్నాడంట."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఫోను పెట్టక ముందే నాకు ఏడూ ఎనిమిదీ పిన్నులు గుర్తొచ్చాయి.

మర్నాడు వెళ్ళాను. మండపంలో ఎవరూ లేరు. పేర్ల పట్టిక ముట్టుకోనివ్వరు గనక, అంత పొడుగూ ఉండేలా కూరగాయల పేర్లు టైపు చేశాను. వంకాయ ఒకటి, వంకాయ రెండు, బీరకాయ ఒకటి అలా. నా కూరగాయలకు నెంబర్లు వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అచ్చు మొదలైంది. అన్నీ వరసగా పడ్డాయి. మళ్ళీ వేశాను, మళ్ళీ పడ్డాయి. తప్పు నాది కాదేమో అనే ఆశ ఒకటి లేచింది. అప్పుడు పంతులుగారిని పిలిచి, ఆవేళ మీరు ఏం చేస్తారో అదంతా చేసి చూపించండి అన్నాను.

ఆయన పీట మీద కూర్చున్నారు. మొదటి కాగితం నిండగానే ప్రింటరు మీద మీట నొక్కి ఆపేశారు. కాగితం చింపి, దాని మీద నాలుగు నువ్వు గింజలు వేసి, కళ్ళు మూసుకుని సంకల్పం చెప్పుకున్నారు. ఆ కరకర శబ్దంలో సంకల్పం చెప్పకూడదట. తర్వాత కళ్ళు తెరిచి మళ్ళీ మీట నొక్కారు.

ప్రింటరు ఆగినంతసేపూ గేటు దగ్గర కంప్యూటరు ఆగలేదు. ఎవరు ఆగమన్నారు గనక? ప్రింటరు తన పొట్టలో పట్టినంత దాచుకుంది. పొట్ట నిండాక "ఆగు, ఆగు" అని ఒక పిన్ను మీద చెబుతూనే ఉంది. ఆ పిన్నుకు నేను తీగే కట్టలేదు. మీట మళ్ళీ నొక్కాక దాచుకున్నవి అచ్చయ్యాయి, తర్వాత మధ్యలోని బెండకాయలూ దొండకాయలూ ఏవీ లేకుండా, ఒక్కసారిగా కాకరకాయ రెండు నుంచి పొట్లకాయ ఒకటికి దూకింది. ఎక్కడా ఖాళీ లేదు, గీత లేదు. మధ్యలో ఏదో ఉండేదని చూసిన ఎవరికీ అనుమానం రాదు.

అటక మీద పాత కాగితాల కట్ట ఉంటే దింపించాను. సముద్రంలో కలపాలని కట్టి ఉంచినవి, ఎవరూ కలపలేదు. మూడేళ్ళ కాగితాలూ తెర మీది పట్టికతో సరిచూశాను. పాత పేర్లు తమ చోట్లలోనే ఉంటాయి, కొత్తవి చివరికి చేరతాయి. పంతులుగారి సంకల్పం ఏటా అంతే సేపు. అటూ ఇటూ ఒకటి రెండు మారినా, తొమ్మిది పేర్లు మూడేళ్ళూ పోయాయి. కంప్యూటరు వాటిని పంపింది, పేరూ ఊరూ సహా పంపింది. పెరట్లో నేను లాగిన ఆ తీగ వెంట వచ్చి, మండపం గుమ్మంలో తలుపు వేసి ఉంటే ఎక్కడికి పోయాయో పోయాయి. యంత్రాలతో ఇన్నేళ్ళు బతికినవాణ్ణి, ఆ కాగితాల ముందు కూర్చుంటే నాకు భయం వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

గుమస్తా నా భుజం మీదుగా తొమ్మిది పేర్లూ చూశాడు. ఒకదాని దగ్గర వేలు పెట్టాడు.

"ఈయన పెళ్ళాం ఏటేటా వస్తాది మావా. భావనపాడు. ఈడు సముద్రంలో సేపల ఏటకెల్లి రానేదు. ఆవిడ బొట్టు, గాజులు, అన్నీ ఎట్టుకొని వచ్చి వెనకాల కూకుంటాది. సదవడం అయిపోయినాక నవ్వుకుంటూ ఎల్లిపోతాది. పేరు తీయించీసుకుందేమో అనుకున్నాను."

ఆ నవ్వు సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. నాలుగు తీగల వైరు కొన్నాను గాని, కట్టకుండా సంచీలో పెట్టుకు తిరిగాను. చివరికి ఒకరోజు నౌపడ ఉప్పు మళ్ళు దాటి భావనపాడు వెళ్ళాను. సత్రం తరఫున విలాసాలు సరిచూస్తున్నామని అబద్ధం సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. సత్రం పేరు చెప్పగానే చెయ్యి కడుక్కుని కుర్చీ వేసింది.

"కూకో బాబూ. అంత దూరం నుంచి వచ్చినావా? ఆ పేరు మా మరిది రాయించినాడు. నానొద్దన్నాను. బోటు తిరగబడిపోనాది, నలుగురెల్లినారు, ముగ్గురు ఈదుకొచ్చినారు. ఒకడు రానేదు. రానేదు అంతే. పేనం పోయినట్టు ఎవులు సూసినారు?"

నేను విలాసం రాసుకుంటున్నట్టు నటించాను.

"మొదటేడు ఎల్లి కూకున్నాను. కాళ్ళూ సేతులూ సల్లబడిపోనాయి. అందరి పేర్లూ సదివినారు, ఈడి పేరు రానేదు. రెండో ఏడూ రానేదు. మూడో ఏడూ రానేదు. రాయించిన పేరు పంతులు నోటికెందుకు రాదు? సామే ఆపుతన్నాడు బాబూ. బతికున్నోడి పేరు అక్కడ సదవనీడు కదా. ఒడిసా ఏపో, ఇంకెక్కడో, ఒడ్డుకి సేరుంటాడు." గాజులు వెనక్కి తోసుకుని, "ఈ ఏడు కూడా రాకపోతే పేరు కొట్టీయిస్తానని మా మరిది ఒప్పుకున్నాడు. అప్పుడింక నా బొట్టు మీద ఎవులూ మాటనేదు," అంది.

చెప్పాలని నోరు తెరిచాను. ఆవిడ టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. టీ తాగాను. విలాసం సరిగ్గానే ఉందని చెప్పి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. తిరుగుదారిలో నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయదగినవి కావు.

నెలలు గడిచి మళ్ళీ మహాలయ అమావాస్య దగ్గరకొచ్చింది. ఈ ఒక్క ఏడూ పాత తీగే ఉంచేస్తే? ఆవిడ మొగుడు ఆవిడకు మిగులుతాడు. కానీ మిగతా ఎనిమిదిమంది? రాజాం రైతు రెండు రోజులకోసారి ఫోను చేస్తున్నాడు. "బావూ, మా నాన్న పేరు ఈ పాలైనా వస్తాదా?" అని అడిగేవాడు. ఆ ఒక్క పేరు పట్టికలోంచి తీసేద్దామా అంటే, రాయించిన మరిది చెప్పందే తియ్యడానికి నేనెవణ్ణి? ఇలా ముందు నుయ్యి వెనక గొయ్యిగా ఉండి, అందరు పనివాళ్ళూ చేసే పనే నేనూ చేశాను. నాది తీగ పని, తీగ సరిచేస్తాను, ఊళ్ళోవాళ్ళ బొట్లూ గాజులూ నాకెందుకు అనుకున్నాను. అమావాస్యకి ముందురోజు వెళ్ళి పాత వైరు లాగేసి నాలుగో తీగ కట్టాను. ఏడూ ఎనిమిదీ మధ్య టంకం కరిగించి విడదీశాను. మధ్యలో మీట నొక్కి ఆపి చూసినా కూరగాయలన్నీ వరసగా పడ్డాయి.

భావనపాడుకు ఒక్క ఫోను చెయ్యొచ్చు. ఆవిడ నెంబరు సత్రం పుస్తకంలో ఉంది. చెయ్యలేదు. నాకు ధైర్యం లేకపోయింది, అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం మండపం నిండింది. రాజాం రైతు ముందు వరుసలో తడి పంచెతో కూర్చున్నాడు. నేను గుమస్తా గదిలో తెర ముందు నిలబడ్డాను. మొదటి కాగితం అయింది. పంతులుగారు మీట నొక్కారు. కొంతసేపటికి తెర మీద పేర్లు కదలడం మానేశాయి. కంప్యూటరు ఆగింది. మూడేళ్ళుగా ఎవరి మాటా వినని యంత్రం, అవతలివాడు ఆగమన్నాడని ఆగి నిలబడింది. ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

పెరట్లోంచి మండపం గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వెనక వరుసలో ఉంది. కొత్త చీర, ఎర్ర అంచుది. చేతినిండా గాజులు. తలలో కనకాంబరాలు. ఇది ఆఖరి ఏడు కదా, ఇవాళ్టితో మరిది నోరు మూతపడుతుంది కదా, అందుకు తయారై వచ్చింది. రైతు తండ్రి పేరు వచ్చింది. ఆయన "ఉన్నాం" అని లేచి, నువ్వులు వదులుతూ భోరుమన్నాడు. అది విని నాకు కళ్ళు తడిశాయి, మంచి పనే చేశాననుకున్నాను. ఆ తర్వాత నాలుగు పేర్లకు ఆ పేరు వచ్చింది.

పంతులుగారు పేరూ ఊరూ చదివారు. జవాబు లేదు. "ఉన్నారా?" అని అడిగారు. జవాబు లేదు. మళ్ళీ చదివారు. ఇంటివాళ్ళు రాలేదేమోనని తనే చెంబు అందుకున్నారు.

"ఉన్నాను," అంది ఆవిడ.

లేచింది. అందరూ దారి ఇచ్చారు. కొందరు ఆవిడ చీరా పూలూ చూసి మొహాలు చూసుకున్నారు. ఒక ముసలమ్మ ఏదో గొణిగింది. ఆవిడ పీట ముందు కూర్చుని, పంతులుగారు చెప్పినట్టు దోసిలి పట్టి, నువ్వులూ నీళ్ళూ వదిలింది. గాజులు చప్పుడవుతున్నాయని ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుంది.

అందరూ భోజనాలకు కూర్చున్నాక పెరట్లో నా దగ్గరికి వచ్చింది. నేను కిందపడి ఉన్న పాత వైరు చుడుతున్నాను.

"నువ్వు మా ఇంటికొచ్చినావు కదా బాబూ. తెలిసే వచ్చినావా?"

"తెలిసే వచ్చానమ్మా," అన్నాను. అంతా చెప్పాను. మూడు తీగలు, మీట, సంకల్పం, పొట్ట నిండిన ప్రింటరు, దేవుడు కాదు నేనే అని. ఎంత అర్థమైందో తెలియదు. మధ్యలో ఆపకుండా విన్నది.

"తప్పు ఎవులు సెయ్యరు?" అంది చివరికి. "మూడేళ్ళు నాకు మొగుడున్నాడు. అది నీ సలవే అనుకుంటాను. పేరు సదవొద్దని నిన్ను అడగను కూడా. ఆ రైతు ఏడుపు నానూ ఇన్నాను." కాసేపు వైరు వైపు చూసింది. "నా సేతి టీ తాగినావు కదా. ఆవేళ ఒక్క మాట, అమ్మా, ఈ ఏడు సదువుతారు అని సెప్పుంటే, ఇంటికాడే ఏడ్సుకొని వద్దును. ఇంతమందిలోకి పూలెట్టుకొని వద్దునా నాను?"

ఆవిడ తలలోంచి కనకాంబరాల దండ తీసింది. కింద పారెయ్యబోయి ఆగింది. పక్కన గట్టు మీద పెట్టబోయి ఆగింది. ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతిలో పెట్టి, బస్సు కోసం వెళ్ళిపోయింది.